కార్ట్ టైరుకి మందు రాస్తే గ్రిప్ వచ్చేస్తుందా? మట్టి ట్రాక్ అసలు లెక్క

ఈ రోజు మన టాపిక్ టైరు. మామూలు బైక్ టైరో, కారు టైరో కాదు, గో-కార్ట్ టైరు. అందులోనూ మట్టి ట్రాక్ మీద పరిగెత్తే కార్ట్ టైరు.

రేసింగ్ వీడియోలు చూసే అలవాటు ఉన్నవాళ్లకి ఇలాంటి సీన్ ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. అమెరికాలో జార్జియానో, కరోలినానో, ఒక చిన్న ఊరు. రాత్రిపూట లైట్ల కింద గుండ్రటి మట్టి ట్రాక్. పక్కనే ఒక ట్రైలర్‌లో చిన్న మోటారు మీద టైరు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. ఒకాయన గ్లౌజులు వేసుకుని, డబ్బాలోంచి ఏదో ద్రవం తీసి ఆ టైరుకి పూస్తూ ఉంటాడు. ఆ పనిని అక్కడ టైర్ ప్రెప్ అంటారు. అంటే టైరుని రేసుకి సిద్ధం చేయడం.

చూడగానే మనకి వచ్చే డౌట్ ఒకటే. ఆ డబ్బాలో ఏముంది? అది రాస్తే గెలిచేస్తామా? ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే. జవాబు ముందే చెప్పేస్తాను. గ్రిప్ డబ్బాలో లేదు. ఆ రోజు ట్రాక్ ఎలా ఉంది, దానికి టైరు సరిపోయిందా లేదా అన్న లెక్కలో ఉంది. ఆ లెక్క తెలియకుండా మందు రాస్తే డబ్బు పోతుంది, రేసు పోతుంది, ఒక్కోసారి ఆరోగ్యం కూడా పోతుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కార్ట్ గురించి రెండు ముక్కలు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, లూ బొరెల్లి అనే మిత్రుడితో కలిసి మొదటి కార్ట్ తయారు చేశాడు. ఇనప గొట్టాల ఫ్రేము, నాలుగు చిన్న చక్రాలు, చిన్న ఇంజను, ఒక సీటు. అంతే. ఇప్పటికీ కార్ట్ అంటే దాదాపు అదే. దీనికి కారులో ఉన్నట్టు సస్పెన్షన్ ఉండదు. డిఫరెన్షియల్ కూడా ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాలి. కాబట్టి కారులో నాలుగైదు భాగాలు పంచుకునే పనిలో చాలా భాగం ఇక్కడ టైరే మోస్తుంది. కుదుపు ఆపేదీ అదే, మలుపు తిప్పేదీ అదే. అందుకే కార్ట్ వాళ్లకి టైరు అంటే అంత పిచ్చి.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. ఈ మట్టి ట్రాకుల మీద కుర్రాళ్లు నడిపే చాలా కార్టులకి ఇంజను శక్తి పది హార్స్‌పవర్ లోపే. మన 125 సీసీ బైక్ ఇంజను శక్తి కూడా దాదాపు అంతే. ఈ పాయింట్ తర్వాత చాలా అవసరం పడుతుంది.

ఇప్పుడు ట్రాక్ సంగతి. తారు ట్రాక్ ఈ రోజు ఎలా ఉందో రేపూ దాదాపు అలాగే ఉంటుంది. మట్టి అలా కాదు. అది గంట గంటకీ మారుతుంది. అక్కడి ట్రాకులు ఎక్కువగా బంకమట్టితో చేసినవి. నీళ్లు చల్లుతారు, రోలర్‌తో తొక్కిస్తారు. తేమ త్వరగా ఆరిపోకుండా చాలాచోట్ల కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. అది గాలిలో తేమని లాక్కుని మట్టిలో నిలిపే ఉప్పు లాంటి పదార్థం. మన ఇంట్లో వర్షాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది చూడండి, అదే గుణం దీనికి చాలా ఎక్కువ.

సాయంత్రం ప్రాక్టీసు టైముకి ట్రాక్ తడిగా, జిగురుగా ఉంటుంది. కార్టులు తిరిగే కొద్దీ పై తేమ పోతుంది, వదులు మట్టి పక్కకి ఎగిరిపోతుంది, కింద గట్టి పొర నున్నగా తేలుతుంది. ఇంకాసేపటికి, మట్టి బాగుంటే, టైర్ల రబ్బరు ఆ పొరకి అంటుకుని నల్లటి దారి పడుతుంది. ఆ నల్ల దారి మీద పట్టు దాదాపు తారు రోడ్డులా ఉంటుంది. మట్టి సరిగా లేకపోతే నల్ల దారి పడదు, పొడి దుమ్ము మిగులుతుంది. అప్పుడు గచ్చు మీద పిండి చల్లి నడిచినట్టే.

అంటే ఒకే రాత్రి, ఒకే ట్రాక్, మూడు రకాల నేల. ఆరింటికి సరిపోయిన టైరు తొమ్మిదింటికి సరిపోకపోవచ్చు. టైర్ ప్రెప్ అనే పని పుట్టిందే ఇందుకు.

సరే, రబ్బరు మెత్తగా ఉంటే పట్టు ఎందుకు వస్తుంది? నేల మనకి నున్నగా కనిపించినా దాంట్లో చిన్న చిన్న గుంతలు, గరుకు ఉంటాయి. మెత్తటి రబ్బరు వాటిలోకి దిగుతుంది. గట్టి రబ్బరు పైపైనే జారిపోతుంది. పచ్చి చెట్టు రబ్బరైతే ఎండకి జిగురుగా, చలికి పెళుసుగా అయిపోతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడి నిలబడుతుందని కనిపెట్టాడు. రబ్బరులో పొడవాటి దారాల్లాంటి అణువులు ఉంటాయి. గంధకం ఆ దారాలని అక్కడక్కడా ముడి వేస్తుంది. ముడులు ఎక్కువైతే గట్టి రబ్బరు, తక్కువైతే మెత్తటి రబ్బరు.

ప్రెప్ ద్రవం చేసే పని ఏంటంటే, ఆ దారాల మధ్యలోకి నూనె లాంటి చిన్న అణువులని పంపడం. ముడులు విప్పదు, దారాలు ఒకదాని మీద ఒకటి జరిగేలా చేస్తుంది. రబ్బరు కాస్త ఉబ్బి మెత్తబడుతుంది. ఆవకాయ గుర్తు తెచ్చుకోండి. కలిపిన రోజు ముక్క గట్టిగా ఉంటుంది. మూడో రోజు తిరగ కలిపేసరికి ఊట వచ్చి, నూనె, ఉప్పు, కారం లోపలికి దిగి ముక్క మెత్తబడటం మొదలవుతుంది. పైన నూనె పోయగానే అయిపోయే పని కాదది, దానికి టైం కావాలి. టైరు కూడా అంతే.

అందుకే ప్రెప్ రెండు రకాలు. ఒకటి బయట నుంచి. టైరు తిప్పుతూ పైన పూయడం. త్వరగా పనిచేస్తుంది, పై పొరనే మారుస్తుంది, త్వరగానే పోతుంది. రెండోది లోపలి నుంచి. టైరు లోపల కొలత ప్రకారం కాస్త ద్రవం పోసి, గంటల తరబడి రోలర్ మీద తిప్పి, తర్వాత రోజుల పాటు వదిలేయడం. ఇది రబ్బరు మొత్తాన్ని మెత్తబరుస్తుంది, చాలా రేసులు నిలుస్తుంది. కానీ ఒకసారి లోపలికి వెళ్లింది వెనక్కి తీయడం మన చేతిలో ఉండదు. ఉప్పు ఎక్కువైన పులుసు లాంటిదే.

మరి మెత్తబడిందా లేదా ఎలా తెలుస్తుంది? వేలితో నొక్కి చూస్తే చాలదు. దానికి డ్యూరోమీటర్ అని చిన్న పరికరం ఉంది, అరచేతిలో పట్టేస్తుంది. కింద చిన్న సూది ఉంటుంది. టైరుకి ఆనించి నొక్కితే సూది ఎంత దిగిందో చూసి 0 నుంచి 100 మధ్య ఒక నంబరు చూపిస్తుంది. దాన్ని షోర్ ఎ స్కేలు అంటారు. ఒక అంచనా కోసం చెప్తాను. చేతికి వేసుకునే రబ్బరు బ్యాండు 25 దగ్గర, పెన్సిల్ రబ్బరు 40 దగ్గర, కారు టైరు 65 దగ్గర ఉంటాయి. నంబరు తగ్గితే మెత్తన, పెరిగితే గట్టి.

ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. రబ్బరు వేడెక్కితే మెత్తబడుతుంది. ఎండలో పెట్టిన టైరుని కొలిచి, నీడలో పెట్టిన ఇంకో టైరుతో పోలిస్తే ఆ పోలికకి అర్థం లేదు. కాబట్టి ఒకే చోట, నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడు, మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి. ఇంకోటి, ఆ నంబరు చెప్పేది మెత్తదనం మాత్రమే, గ్రిప్ కాదు. రెండు కంపెనీల టైర్లు ఒకే నంబరు చూపించి, ట్రాక్ మీద వేరు వేరుగా నడవచ్చు. ఒకే రకం టైరు నిన్నటి కంటే ఇవాళ ఎంత మారిందో తెలుసుకోవడానికే ఆ నంబరు పనికొస్తుంది.

ఇప్పుడు పని వరసగా చూద్దాం. మొదటిది శుభ్రం చేయడం. పోయిన రేసులో టైరుకి అంటుకున్న మట్టి, గట్టిపడి మెరిసే పై పొర, రెండూ ఉంటే ఏం రాసినా లోపలికి దిగదు. మట్టి గీకి, తుడిచి, టైరు తిప్పుతూ గరుకు కాగితంతో పల్చగా పై పొర తీసేస్తారు. కింద కొత్త రబ్బరు బయటకి వస్తుంది. చాలాసార్లు పోయిన గ్రిప్‌లో కొంత ఈ ఒక్క పనితోనే తిరిగి వస్తుంది. రబ్బరు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్క్ మాత్రం పెట్టుకోండి.

రెండోది గాలి. ఇది ఫ్రీ, కానీ దీని ముందు డబ్బాలోని మందు దిగదుడుపే. బైక్ టైరులో 30 పీఎస్ఐ దగ్గర గాలి కొడతాం. మట్టి ట్రాక్ కార్టులో చల్లగా ఉన్నప్పుడు 5, 6 పీఎస్ఐ పెట్టడం మామూలే. అంత తక్కువలో అర పీఎస్ఐ తేడా కూడా పెద్దదే. ఎక్కువ పెడితే టైరు మధ్య భాగమే నేలకి ఆనుతుంది. మరీ తక్కువ పెడితే పక్క గోడలు మడత పడి, మలుపులో కార్ట్ మన మాట ఆలస్యంగా వింటుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం, స్కూల్లో చదివిన ఫిజిక్సే. చల్లగా ఉన్నప్పుడు గేజ్ మీద 6 పీఎస్ఐ. దానికి బయటి గాలి ఒత్తిడి 14.7 కలిపితే అసలు ఒత్తిడి 20.7. టైరు 30 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. అంటే కెల్విన్‌లో దాదాపు 300 నుంచి 330కి, అంటే పది శాతం. ఒత్తిడి కూడా పది శాతం పెరుగుతుంది, దాదాపు 2 పీఎస్ఐ. గేజ్ మీద 6 ఉన్నది 8 అయిపోతుంది! మూడో వంతు పెరిగినట్టు. రేసు మొదట్లో బాగున్న కార్ట్ చివరికి జారుతోందంటే మందు తక్కువైందని అనుకోకండి. ముందు గాలి చూడండి.

మూడోది చుట్టుకొలత తేడా. దీన్ని వాళ్లు స్టాగర్ అంటారు. అక్కడి గుండ్రటి ట్రాకుల మీద ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతారు. వెనక రెండు చక్రాలూ ఒకే కడ్డీ మీద ఉన్నాయని చెప్పుకున్నాం కదా. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. కానీ రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నాయి. దానికి ఉపాయం, కుడి వైపు టైరు పెద్దది పెట్టడం. పేపర్ టీ గ్లాసుని నేల మీద దొర్లించండి, అది తిన్నగా వెళ్లదు, గుండ్రంగా తిరుగుతుంది. ఒక వైపు అంచు పెద్దది కాబట్టి. ఇక్కడా అదే సూత్రం. చక్రాల మధ్య దూరం 1 మీటరు, మలుపు వ్యాసార్ధం 35 మీటర్లు అనుకుంటే, బయటి దారి దాదాపు 3 శాతం ఎక్కువ. లోపలి టైరు చుట్టుకొలత 33 అంగుళాలైతే బయటిది 34 కావాలి. ఒక్క అంగుళం తేడా. అది లేకపోతే వెనక టైర్లు ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. ఎంత మెత్తటి రబ్బరు వేసినా ఆ ఈడ్పు పోదు. పైగా గాలి మారిస్తే చుట్టుకొలత కూడా మారుతుంది, కాబట్టి గాలి పెట్టాకే టేపుతో కొలవాలి.

ఈ మూడూ అయ్యాకే నాలుగోది, ప్రెప్. అప్పుడు కూడా ట్రాక్ చూసి. పొడిగా, నున్నగా, జారుతూ ఉంటే మెత్తటి టైరు సాయం చేస్తుంది. తడిగా జిగురుగా ఉన్నా, నల్ల దారి పడినా, నేల దగ్గరే బోలెడు పట్టు ఉంటుంది. అక్కడ మెత్తటి టైరు ఎదురు తిరుగుతుంది.

ఎలాగంటే, ఇందాక పది హార్స్‌పవర్ అన్నాను కదా. కార్ట్ మలుపులో సాఫీగా తిరగాలంటే వెనక టైర్లు కొంచెం జారాలి. పట్టు మరీ ఎక్కువైతే అవి జారవు. కార్ట్ బిగుసుకుపోతుంది, ఇంజను బలం చాలక మూలుగుతుంది, మలుపు దాటేసరికి వేగం చచ్చిపోతుంది. కొన్నిసార్లు లోపలి చక్రాలు పైకి లేస్తాయి, అది ప్రమాదం కూడా. డ్రైవర్‌కి మాత్రం అబ్బ, భలే పట్టుకుంది అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ చూస్తే అర సెకను వెనక. సైకిల్‌కి బ్రేకు కొంచెం పట్టేసినప్పుడు ఎంత తొక్కినా ముందుకి వెళ్లదు చూడండి, అలాగన్నమాట. కాబట్టి గ్రిప్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనే మాట చిన్న ఇంజను దగ్గర చెల్లదు.

ఇప్పుడు అసలు సీరియస్ విషయానికి వద్దాం. ఆ డబ్బాల్లో ఏముంటుంది? అమ్మేవాళ్లు చాలామంది రహస్యం అంటారు. కానీ రబ్బరుని మెత్తబరిచే పదార్థాలు కెమిస్ట్రీలో ఎప్పటి నుంచో తెలిసినవే. కిరోసిన్ లాంటి నూనెలు, ప్లాస్టిక్‌ని మెత్తబరిచే నూనెలు, టోలీన్, జైలీన్ లాంటి పెయింట్ థిన్నర్ ద్రవాలు, వింటర్‌గ్రీన్ నూనె. చివరిదాని వాసన మనకి తెలిసిందే, నొప్పుల బామ్‌లో వచ్చే వాసన.

బామ్ వాసన వస్తోంది కదా, ఏమీ కాదులే అనుకోకండి. శుద్ధమైన వింటర్‌గ్రీన్ నూనె ఒక్క టీస్పూను చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. ఒక టీస్పూనులో ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలకి సమానమైన మందు ఉంటుంది. టోలీన్ ఆవిరి పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం, మత్తు. అది 4 డిగ్రీల చలిలోనే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. అంటే మన ఊళ్లో ఏ రోజైనా, ఏ గదిలోనైనా, ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. థిన్నర్లలో కొన్నిట్లో బెంజీన్ కూడా ఉండొచ్చు. అది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థం.

సర్జికల్ మాస్కు ఈ ఆవిరిని అస్సలు ఆపదు. దానికి ఆర్గానిక్ ఆవిరి ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి. పల్చటి నైట్రైల్ గ్లౌజులోంచి టోలీన్ నిమిషాల్లోనే దాటిపోతుంది, చేతికి తడి తెలియకపోయినా సరే. మూసిన గదిలో, పడక గది పక్క గ్యారేజీలో ఈ పని చేయకూడదు. తుడిచిన గుడ్డలు కుప్పగా పడేయకూడదు, కొన్ని నూనెల గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. లేబుల్ లేని డబ్బా కొనకండి. ఏముందో చెప్పని ద్రవాన్ని చేత్తో ముట్టుకోవాల్సిన అవసరం మనకి లేదు.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, కార్టింగ్ పిల్లల ఆట. ఆరేడేళ్ల పిల్లలు నడిపే క్లాసులు కూడా ఉంటాయి. ఆ టైర్లు ముట్టుకునేదీ, ఆ ట్రైలర్‌లో కూర్చుని తినేదీ ఆ పిల్లలే. అందుకే చాలాచోట్ల రూల్సు మారాయి. కొన్ని క్లాసుల్లో ప్రెప్ పూర్తిగా నిషేధం. అందరికీ ఒకే కంపెనీ టైరు, ఏమీ రాయకూడదు. ఆవిరిని పసిగట్టే పరికరం టైరు దగ్గర పెట్టి చెక్ చేస్తారు. అనుమానం వస్తే రబ్బరు ముక్క కోసి ల్యాబుకి పంపిస్తారు. దీనివల్ల ఇంకో లాభం, ఖర్చు తగ్గుతుంది. ఒక్కో రాత్రికి నాలుగైదు సెట్ల టైర్లు తెచ్చే ఇంటి పిల్లాడికీ, ఒకే సెట్ ఉన్న ఇంటి పిల్లాడికీ తేడా కొంతైనా తగ్గుతుంది.

మనకి ఇదంతా ఎందుకు అంటారా? అట్లాంటాలో, షార్లెట్‌లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఈ మట్టి ట్రాకులు వాళ్లకి వీకెండ్ దూరంలోనే ఉంటాయి. ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కాలేజీ టీములు పోటీల కోసం సొంతంగా కార్టులు, మట్టిలో నడిచే బగ్గీలు తయారు చేస్తున్నాయి. వాళ్ల దగ్గర డబ్బు తక్కువ, టైం తక్కువ. ఎవరో వీడియోలో చూపించిన థిన్నర్ తెచ్చి హాస్టల్ గదిలో టైరుకి రాయాలనిపించడం సహజం. దయచేసి ఆ పని చేయకండి. పోటీ రూల్సు ఒప్పుకోకపోవచ్చు, టైరు పక్క గోడ దెబ్బతినొచ్చు, ఆ గదిలో పడుకునేది మీరే.

దానికి బదులు నాలుగు వస్తువులు కొనండి. తక్కువ ఒత్తిడి సరిగ్గా చూపించే గేజ్, కొలత టేపు, డ్యూరోమీటర్, ఒక నోట్‌బుక్. ప్రతి రన్‌కి ముందు టైం, ఎండ, ట్రాక్ తడా పొడా, గాలి ఎంత, చుట్టుకొలత ఎంత, నంబరు ఎంత అని రాయండి. రన్ అయ్యాక వెంటనే వేడి గాలి ఒత్తిడి, ల్యాప్ టైం రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. పది రన్నుల తర్వాత మీ నోట్‌బుక్ మీకు చెప్పేది ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

మీ టీము మట్టి మీద టెస్టింగ్ చేస్తుంటే, చల్లగా ఉన్నప్పుడు, రన్ అయ్యాక గాలి ఎంత తేడా వచ్చిందో కింద కామెంట్‌లో రాయండి. ఇందాకటి 6, 8 లెక్కతో పోల్చి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి, హెల్మెట్ మర్చిపోకండి. నమస్తే.